అద్దె ఫ్లాటులో కరెంటు బిల్లు తప్పుగా వస్తే: గోదావరి జిల్లాల వారికి మార్గదర్శి

కరెంటు బిల్లు ఒక్కసారిగా రెండింతలు రాగానే చాలామంది ముందు రీడింగు తీసే కుర్రవాడిని తిడతారు, తర్వాత ఇంటి యజమానికి ఫోను చేస్తారు. రెండూ కాసేపు ఆపండి. మనం తప్పు బిల్లు అనేది నాలుగు రకాలు: మీటరులో అంకె ఒకటైతే బిల్లులో ఇంకొకటి పడటం, మీటరే పాడవడం, మీ మీటరు మీద ఇంకొకరి కరెంటు నడవడం, యూనిట్లు సరిగానే ఉన్నా లెక్కో రేటో తప్పడం. వీటిలో ఏదో తేలకుండా వెళితే కరెంటు ఆఫీసు వారు యజమాని దగ్గరికి, యజమాని కరెంటు ఆఫీసుకు పంపుతారు. మధ్యలో గడువు తేదీ దాటిపోతుంది.

రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, తణుకు, పాలకొల్లు, భీమవరం, నరసాపురం, ఈ ఊళ్లన్నిటికీ కరెంటు ఇచ్చేది విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే ఏపీఈపీడీసీఎల్. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా సరఫరా సంస్థ మారలేదు. కాబట్టి ఇక్కడ చెప్పేది కోనసీమ వారికైనా పశ్చిమ డెల్టా వారికైనా ఒకటే.

బిల్లు చదవడం

ముందుగా బిల్లుకు ఫోటో తీయండి. చేతి యంత్రం నుంచి వచ్చే ఆ పల్చటి కాగితం మీద అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. వంటింటి గోడకు గుచ్చి ఉంచితే ఇంకా త్వరగా పోతుంది. రేపు సాక్ష్యం కావలసింది అదే.

ఇప్పుడు ఐదు చోట్ల చూడండి. మొదటిది సర్వీసు నంబరు. పాత బిల్లులోదీ దీనిదీ ఒకటేనా? రెండోది మీటరు నంబరు. మూడోది పాత రీడింగు, కొత్త రీడింగు. గత నెల బిల్లులో ఏ అంకెతో ముగిసిందో ఈ నెల అదే అంకెతో మొదలవాలి. మధ్యలో ఖాళీ ఉంటే తప్పు అక్కడే దొరికినట్టు. మీటరు మార్చిన నెలలో మాత్రం పాత మీటరు చివరి అంకె, కొత్త మీటరు మొదటి అంకె రెండూ లెక్కలోకి రావాలి. నాలుగోది రెండు రీడింగుల మధ్య రోజులు. రోజుకు ఆరు యూనిట్లు కాల్చే ఇంట్లో ముప్పై రోజులకు 180 వస్తే, ముప్పై ఐదు రోజులకు 210 వస్తాయి. అందులో మోసం లేదు. ఐదోది కేటగిరీ. ఇంటికి కేటగిరీ 1 ఉండాలి. మీకు ముందు ఆ ఫ్లాటులో ఎవరైనా ట్యూషన్ సెంటరో ఆఫీసో నడిపి ఉంటే అది వాణిజ్యానికి, అంటే కేటగిరీ 2కి మారి, మీరు చేరాక కూడా అలాగే ఉండిపోయి ఉండవచ్చు. యూనిట్లు మామూలుగానే ఉండి డబ్బు మాత్రం మండిపోతుంటే ముందు అనుమానించవలసింది దీన్నే.

బిల్లు మీద మీటరు స్థితి కూడా రాసి ఉంటుంది. మామూలు రీడింగా, డోర్ లాకా, మీటరు ఆగిపోయిందా, కాలిపోయిందా అన్నది అక్కడ తెలుస్తుంది. డోర్ లాక్ అని ఉంటే ఆ నెల ఎవరూ అంకె చూడలేదనీ, సగటు వేసి బిల్లు ఇచ్చారనీ అర్థం. ఇక్కడ ఒక సంగతి అడగవచ్చు. మన ఊళ్లలో అపార్ట్‌మెంట్ మీటర్లన్నీ కింద పార్కింగ్‌లో ఒకే ప్యానెల్‌లో ఉంటాయి. మీరు సంక్రాంతికి తాళం వేసి ఊరెళ్లినా ఆ మీటరుకు తాళం పడదు. అటువంటి చోట డోర్ లాక్ బిల్లు వస్తే సంజాయిషీ చెప్పవలసింది మీరు కాదు. పైగా కేంద్రం 2020లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఇలాంటి తాత్కాలిక బిల్లులు రెండుకు మించి ఇవ్వకూడదు.

మీటరు ముందు నిలబడటం

పగటిపూట, నేల తడి లేనప్పుడు ప్యానెల్ దగ్గరికి వెళ్లండి. వానల్లో నీళ్లు నిలిచే పార్కింగ్‌లు మన దగ్గర తక్కువేమీ కాదు. తడి కాళ్లతో ఆ ఇనుప పెట్టెను తాకవద్దు. సీలు ఎప్పుడూ కదపవద్దు. కదిపితే ఫిర్యాదుదారు కాస్తా నిందితుడవుతాడు.

డిజిటల్ మీటరు తెర ఒకేచోట ఆగదు. తేదీ, సమయం, వోల్టేజి, గరిష్ఠ డిమాండ్ ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయి. మనకు కావలసింది కేడబ్ల్యూహెచ్ అని పక్కన చూపించే అంకె. చిన్న అంకె, కేడబ్ల్యూ అని వచ్చేది గరిష్ఠ డిమాండ్, అది రీడింగు కాదు. కేవీఏహెచ్ అని వచ్చేది కూడా కాదు. ఫోటోలో ఆ అంకెతో పాటు మీటరు నంబరు కూడా పడేలా తీయండి. బిల్లు వచ్చి నాలుగు రోజులైనా మీటరులో అంకె బిల్లు అంకె కంటే తక్కువ ఉందనుకోండి, ఇక వాదనే అక్కర్లేదు. రీడింగు తప్పు. ఫోటో పట్టుకుని నేరుగా ఆఫీసుకు వెళ్లడమే.

అంకె సరిపోతే తర్వాతి పరీక్ష. ఇంట్లో మెయిన్ స్విచ్ కట్టేయండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. కిందికి వచ్చి మీ మీటరు మీద మిణుకుమిణుకుమనే ఎర్ర దీపం చూడండి. అది ఆగిపోవాలి. ఇంకా కొట్టుకుంటోందంటే మీ మీటరు మీద ఇంకేదో నడుస్తోంది. వరండా దీపం కావచ్చు, వాచ్‌మన్ గది కావచ్చు, నీళ్ల మోటారు కావచ్చు. ఒక హార్స్‌పవర్ మోటారు అంటే 746 వాట్లు. రోజుకు రెండు గంటలు మీ ఖాతాలో నడిస్తే నెలకు దాదాపు నలభై ఐదు యూనిట్లు.

మీ మీటరు దీపం ఆగకుండా, పక్క మీటరు దీపం ఆగిందనుకోండి. రెండు ఫ్లాట్ల మీటర్లు తారుమారయ్యాయి. నమ్మశక్యంగా ఉండదు కానీ, ప్యానెల్ మీద ఫ్లాటు నంబర్లు మార్కరు పెన్నుతో రాసి వదిలేసే చోట ఇది జరిగే పనే. ఏసీ లేని పెద్దవాళ్లకు రెండు ఏసీల బిల్లు, పక్కవారికి ఫ్యాన్ల బిల్లు వస్తుంటాయి. తక్కువ వచ్చేవారు ఎందుకు వస్తోందని సాధారణంగా అడగరు. ఈ పరీక్షను పక్కింటివారిని పిలిచి, వారి ఎదుటే చేయండి. తర్వాత చాటుగా చేశారన్న మాట రాదు.

ఇంకొక దీపం కూడా ఉంటుంది, చాలామంది పట్టించుకోరు. ఎర్త్ లేదా ఈఎల్ అని రాసి ఉన్న చోట. అది ఎప్పుడూ వెలుగుతూ ఉంటే లోపలికి వెళ్లిన కరెంటు మీ న్యూట్రల్ తీగ గుండా తిరిగి రావడం లేదన్నమాట. వైరింగులో మీ న్యూట్రల్, పక్కవారి న్యూట్రల్ కలిసిపోయి ఉండవచ్చు, గీజరులో లీకేజి ఉండవచ్చు. ఇప్పటి మీటర్లు ఫేజు, న్యూట్రల్ రెండింటిలో ఎక్కువ ఉన్న దాన్నే లెక్కిస్తాయి కాబట్టి, పక్కవారి కరెంటు మీ న్యూట్రల్‌లో వస్తే బిల్లు మీకే పడుతుంది. ఇది కరెంటు ఆఫీసు పని కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, ఖర్చు యజమాని భరించాలి. లీకేజి అయితే బిల్లు సంగతి తర్వాత, ముందు అది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

మీటరు వేగంగా తిరుగుతోందన్న అనుమానం ఉంటే ఇంట్లోనే ఒక ముతక లెక్క చూసుకోవచ్చు. మీటరు ముఖం మీద యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. చాలావాటి మీద 3200 ఉంటుంది. ఇంట్లో అన్నీ కట్టేసి 750 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టండి. అది వేడెక్కుతున్న నిమిషంలో దీపం దాదాపు నలభై సార్లు కొట్టుకోవాలి. వోల్టేజిని బట్టి ముప్పై ఐదో నలభై నాలుగో వచ్చినా కంగారు లేదు. అరవై వస్తే మాత్రం మీటరు పరీక్ష అడగవలసిందే. ఇద్దరు ఉంటే సులువు, ఒకరు పైన పెట్టె చూసుకుంటారు, ఒకరు కింద లెక్కపెడతారు.

డబ్బు లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ శ్లాబులు ఇవి: 30 యూనిట్ల వరకు యూనిట్‌కు 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఏ భాగానికి ఆ భాగం రేటు పడుతుంది, మొత్తానికి పై రేటు పడదు. స్థిర చార్జీ, యూనిట్‌కు ఆరు పైసల విద్యుత్ సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. మీ బిల్లు నాటి రేట్లు ఇవేనా అన్నది మాత్రం ఒకసారి సరిచూసుకోండి.

ఈ రేట్ల మీద 175 యూనిట్లకు 57, 135, 225, 300 కలిపి 717 రూపాయలు. రెండు నెలలకు 1,434. అదే రెండు నెలల 350 యూనిట్లను ఒకే నెల వాడకంగా చూపితే 2,110 రూపాయల 75 పైసలు. ఒక్క యూనిట్ కూడా అదనంగా కాల్చకుండా 676 రూపాయల పైచిలుకు తేడా. మొదటి నెల రీడింగు తీయకుండా రెండో నెల మొత్తం కలిపి వేసినప్పుడు జరిగేది ఇదే. మీరు అడగవలసింది కూడా స్పష్టంగా ఇదే: “యూనిట్లను రెండు నెలలకు విడదీసి శ్లాబు వేయండి.” బిల్లు ఎక్కువ వచ్చిందని మాత్రమే అంటే వాడకం ఎక్కువ అని జవాబిచ్చి పంపేస్తారు. ఏ వరుస తప్పో చెప్పినవారి కాగితం కదులుతుంది.

తప్పులా కనిపించినా తప్పు కానివి రెండున్నాయి. ట్రూ అప్ అనో ఇంధన సర్దుబాటు అనో కనిపించేది, సంస్థకు అప్పట్లో ఎక్కువైన ఖర్చును రాబట్టడానికి పాత నెలల, పాత సంవత్సరాల వాడకం మీద వేసేది. 2022–23లో వాడిన యూనిట్లకు సర్దుబాటును 2024 డిసెంబరు నుంచి వసూలు చేశారు. అప్పుడు ఆ ఫ్లాటులో మీరు లేకపోవచ్చు. ఆఫీసుకు సర్వీసు నంబరే తెలుసు, ఎవరున్నారో తెలియదు. ఇది యజమానితో మాట్లాడుకోవలసిన విషయం. రెండోది ఏసీడీ, అంటే అదనపు వినియోగ డిపాజిట్. వాడకం పెరిగితే సర్వీసు మీద ఉన్న డిపాజిట్‌ను పెంచమని అడుగుతారు. అది ఖర్చు కాదు, వడ్డీతో సహా సర్వీసు పేరున నిలిచి ఉండే డబ్బు. సర్వీసు యజమాని పేరున ఉంది కాబట్టి కట్టవలసింది యజమానే. అద్దెదారు కట్టాడంటే ఖాళీ చేసేటప్పుడు వెనక్కి ఇస్తానన్న మాట రాతలో ఉండాలి.

యజమానికి చెప్పడం

ఫోనులో వాదించే బదులు ఫోటోలు జతచేసి ఒక సందేశం పంపండి. “నమస్కారమండీ. ఈ నెల బిల్లులో రీడింగు 8,412 అని ఉంది. ఈ రోజు మీటరులో 8,240 మాత్రమే ఉందండి. ఫోటోలు పంపుతున్నాను. రేపు సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇస్తున్నాను. మీ పేరున ఉన్న పాత బిల్లు ఒకటి, మీరు అనుమతిస్తున్నట్టు రెండు వాక్యాలు పంపగలరా?” ఇంత చాలు. మర్యాదగా ఉంటుంది, తేదీతో నమోదవుతుంది.

యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఆగిపోకండి. బిల్లు మీద పేరు మీది కాదని కౌంటరులో అంటే ఒక మాట గుర్తుంచుకోండి. 2003 విద్యుత్ చట్టంలో వినియోగదారు అంటే సొంత వాడకానికి కరెంటు తీసుకునే వ్యక్తి. ప్రస్తుతం కనెక్షన్ ఉన్న ఆవరణలో ఉండేవారు కూడా ఆ నిర్వచనంలోకే వస్తారు. అద్దె ఒప్పందం నకలు జతచేస్తే ఫిర్యాదు తీసుకోకపోవడానికి కారణం ఉండదు. పేరు మార్పు, డిపాజిట్ వాపసు లాంటి వాటికి మాత్రం యజమాని సంతకం తప్పదు.

ఆఫీసులో ఎవరి దగ్గరికి

ముందు 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అక్కడ పని తేలిపోతుందని కాదు, తేదీ నమోదవుతుందని. తర్వాత మనిషి వెళ్లాలి. అంకె, మీటరు, తారుమారు సమస్యలైతే సెక్షన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజినీరు. లెక్క, కేటగిరీ, కట్టిన డబ్బు జమ కాకపోవడం అయితే ఈఆర్‌ఓ, అంటే రెవెన్యూ ఆఫీసు. చాలా కేసుల్లో ఇద్దరూ కావాలి: మీటరు చూసి నివేదిక రాసేది సెక్షన్, బిల్లు సవరించేది ఈఆర్‌ఓ. ఇది తెలియక సెక్షన్‌లో దరఖాస్తు ఇచ్చి ఇంట్లో కూర్చుంటే కాగితం రెండు ఆఫీసుల మధ్య నిద్రపోతుంది. నివేదిక పైకి పంపారా, ఏ తేదీన పంపారు అని సెక్షన్‌లో అడిగి, ఆ తేదీ పట్టుకుని ఈఆర్‌ఓకు వెళ్లండి. లైన్‌మన్‌తో పరిచయం ఉంటే మంచిదే, కానీ ఆయన నోటిమాట బిల్లును సవరించదు.

దరఖాస్తు పొడవుగా ఉండక్కర్లేదు:

“అసిస్టెంట్ ఇంజినీరు గారికి. సర్వీసు నంబరు ______, మీటరు నంబరు ______. నేను ఈ ఫ్లాటులో ______ తేదీ నుంచి అద్దెకు ఉంటున్నాను. ______ తేదీ బిల్లులో రీడింగు ______ గా నమోదైంది. ______ తేదీన మీటరులో ఉన్న అంకె ______. మీటరును తనిఖీ చేసి, బిల్లు సవరించి, సవరణ జరిగే వరకు కనెక్షన్ తొలగించవద్దని కోరుతున్నాను. జతచేసినవి: బిల్లు నకలు, మీటరు ఫోటో, గత ఆరు నెలల బిల్లుల వివరం, అద్దె ఒప్పందం నకలు.”

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇచ్చినా ఇవ్వనట్టే. గత బిల్లుల వివరాలు సంస్థ వెబ్‌సైటులో సర్వీసు నంబరు కొడితే దొరుకుతాయి.

గడువు ముంచుకొస్తుంటే

కోపంతో కట్టకుండా కూర్చోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అలాగని తప్పని తెలిసిన మొత్తమంతా కట్టనవసరం లేదు. విద్యుత్ చట్టం 56వ సెక్షన్ దారి చూపిస్తుంది. బకాయికి కరెంటు తీయాలంటే కనీసం పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. వివాదం నడుస్తుండగా, అడిగిన మొత్తం లేదా గత ఆరు నెలల సగటు, రెండింటిలో తక్కువైనదాన్ని అభ్యంతరం తెలుపుతూ కడితే కనెక్షన్ తొలగించకూడదు. సగటు రూ. 900, బిల్లు రూ. 4,600 అయితే రూ. 900 కట్టవచ్చు. “వివాదంలో ఉన్న బిల్లుపై, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను” అని ఒక కాగితం మీద రాసి, రసీదు జతచేసి, ముద్ర వేయించుకోండి. ఫోను యాప్‌లు సాధారణంగా మొత్తం బిల్లునే అడుగుతాయి కాబట్టి ఇలాంటి పాక్షిక చెల్లింపుకు కౌంటరుకే వెళ్లాలి, అదీ ఈఆర్‌ఓలో మాట్లాడిన తర్వాత.

అదే సెక్షన్ ఇంకొక రక్షణ ఇస్తుంది. ఎప్పుడో పాత తప్పు ఇప్పుడు దొరికిందని పెద్ద మొత్తం వేస్తే, బాకీ మొదటిసారి చెల్లించవలసి వచ్చిన తేదీ నుంచి రెండేళ్లు దాటాక వసూలు చేయడానికి వీల్లేదు, మధ్యలో ప్రతి బిల్లులోనూ దాన్ని బకాయిగా చూపిస్తూ వచ్చి ఉంటే తప్ప. అయితే జాగ్రత్త. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం పొరపాటును సరిదిద్ది అదనపు బిల్లు ఇవ్వడం వేరు, దానికోసం కనెక్షన్ తీయడం వేరు. రెండేళ్లు దాటిందన్న ఒక్క మాటతో బాకీ మొత్తం రద్దయిపోతుందని అనుకోవద్దు.

మీటరు పరీక్ష

రీడింగు వాడకానికి తగినట్టు లేదని మీరు రాసి ఇస్తే, 2020 నిబంధనల ప్రకారం ముప్పై రోజుల్లో మీటరు పరీక్షించాలి. 2024లో చేసిన సవరణ ఇంకా మేలు: అటువంటి ఫిర్యాదు అందిన ఐదు రోజుల్లో పక్కన ఇంకొక మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండింటి వాడకాన్ని పోల్చి చూడాలి. ఈ సంగతి దరఖాస్తులో రాయండి. సంవత్సరం, నిబంధన పేరు రాసిన కాగితానికి జవాబు కూడా కాగితం మీదే ఇవ్వవలసి వస్తుంది. మీటరు విప్పి తీసుకెళ్లేటప్పుడు చివరి అంకె ఫోటో తీసి, సీలు వేశాక మీరూ సంతకం చేయండి.

పని జరగకపోతే

సెక్షన్, ఈఆర్‌ఓ తిరిగినా ఫలితం లేకపోతే సబ్ డివిజన్‌లో ఉండే పై అధికారికి ఒకసారి రాయండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చినా అది మళ్లీ ఇదే శాఖకు చేరుతుంది. కాస్త ఒత్తిడి పెరుగుతుంది, అంతవరకే. అసలు బలం చట్టం 42వ సెక్షన్ కింద ఏర్పాటైన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికది. మన జిల్లాలకు అది విశాఖపట్నంలో ఉంది. తపాలాలో పంపవచ్చు, లాయరు అక్కర్లేదు. తేదీల వారీగా జరిగినది ఒక పేజీ, దాని వెనక ముద్ర పడిన ప్రతులు పెడితే చాలు. అక్కడ తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. అంత దూరం వెళ్లవలసిన కేసులు తక్కువ. కానీ వేదికకు రాస్తానని చెప్పేవారికీ రాసిన ప్రతి చూపించేవారికీ ఆఫీసులో దక్కే పలకరింపు వేరు.

సబ్ మీటరు ఉన్న పోర్షన్లు

పాత ఇళ్లలో ఒకే సర్వీసు, పైన కింద రెండు వాటాలు, మీకు సబ్ మీటరు. ఇక్కడ తప్పు ఆఫీసుది కాదు, లెక్కది. ఇందాక చెప్పిన 175 యూనిట్ల ఇళ్లు రెండు ఒకే మీటరు మీద ఉంటే బిల్లు 1,434 బదులు 2,110 దాటుతుంది. ఆ అదనం ఒకరి మీదే కాక ఇద్దరి మీదా పడాలి. అందుకే యూనిట్‌కు ఇంతని గుండుగుత్తగా ఒప్పుకోవద్దు. ప్రతి నెలా అసలు బిల్లు చూపించమని అడిగి, మొత్తాన్ని యూనిట్ల నిష్పత్తిలో పంచుకోండి. లైసెన్సు లేకుండా కరెంటు అమ్మడం చట్టం ఒప్పుకోదు. బిల్లు పంచుకోవడం వేరు, లాభం వేసుకోవడం వేరు. ఇది యజమానికి చెప్పేటప్పుడు చట్టం ముందు తీయకండి, లెక్క ముందు తీయండి.

సవరణ వచ్చాక

సవరించిన మొత్తం సాధారణంగా డబ్బుగా రాదు, తర్వాతి బిల్లులో తగ్గింపుగా వస్తుంది. అది నిజంగా కనిపించేవరకు కాగితాలు దాచండి. ఖాళీ చేసే రోజు మీటరు ఫోటో తీసి, ఆ అంకె వరకు లెక్కగట్టి, మీ అడ్వాన్సులో నుంచి ఎంత మినహాయిస్తున్నారో యజమానితో రాయించుకోండి. మీ తగ్గింపు ఇంకా జమ కాకపోతే ఆ మొత్తాన్ని కూడా అదే కాగితంలో చేర్చండి, ఎందుకంటే అది జమయ్యేది ఆ సర్వీసుకే, అప్పటికి అందులో ఉండేది ఇంకొకరు.